ఫొటో పోటీలో చూడాల్సింది ఫొటో ఒక్కటేనా?
బహుమతి ఇచ్చేముందు ఫొటోతో పాటు అది తీసిన తీరునూ చూడాలంటాను. "బాగుందా లేదా, అంతేగా" అంటారు చాలామంది. 2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వైల్డ్‌లైఫ్ పోటీలో, రాత్రివేళ గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలు అయ్యుంటుందని నిర్వాహకులు తేల్చి, 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫొటోగ్రాఫర్ కాదన్నాడనుకోండి. కానీ ఈలోపు ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా మారలేదు. వెలుగు అదే, కూర్పు అదే. అంటే బహుమతిలో సగం, అడవి జంతువు కోసం కాపు కాసిన ఓపికకి ఇచ్చిందే కదా!

"డార్క్‌రూమ్ రోజుల నుంచీ మార్పులు చేస్తూనే ఉన్నారుగా" అన్నదీ నిజమే. పోర్ట్రెయిట్‌కి లైట్లు పెట్టి, మనిషిని కూర్చోబెట్టి తీస్తే మోసమెలా అవుతుంది? చూసేవాళ్లకి ఆ సంగతి తెలుసు. ప్రకృతి విభాగంలో మాత్రం అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నియమాలు క్రాపింగ్‌ని ఒప్పుకుంటాయి గానీ, ఉన్నది చెరపడాన్నీ లేనిది చేర్చడాన్నీ ఒప్పుకోవు. 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ ఒక పోటీలో ఏఐ విభాగానికి నిజమైన ఫ్లెమింగో ఫొటో పంపి గెలిచాడు, అసలు సంగతి చెప్పాక అనర్హుడయ్యాడు. నవ్వొచ్చినా, తీర్పు సబబే.

సరదాగా తీసుకునేవాళ్లకి ఇంత పట్టింపు ఎందుకంటారా? నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల గూటి పక్కకెళ్లి తీసిన ఫొటోకి బహుమతిస్తే, వచ్చే సీజన్‌లో పదిమంది కెమెరాలతో అక్కడికే పోతారు. ఎంత దూరం నుంచి తీశారన్న ఒక్క ప్రశ్న ఎంట్రీ ఫారంలో చేర్చడానికి ఖర్చేమీ లేదు. అబద్ధం రాస్తారంటారా, ఏ ఫోకల్ లెంగ్త్‌తో తీశారో మామూలుగా ఒరిజినల్ ఫైల్‌లోనే ఉంటుంది, పక్షి ఫ్రేమ్‌లో ఎంత పెద్దగా పడిందో దాంతో కలిపి చూస్తే దూరం అంచనా వేయొచ్చు.