తుని వెళ్లొచ్చిన చక్రాలు

మా తమ్ముడికి పోలియో వచ్చింది 1983లో. అప్పటికి వాడికి రెండేళ్లు. జ్వరం తగ్గిందని సంతోషించిన మర్నాడు మా అమ్మ వాడిని నిలబెట్టబోతే కాళ్లు నిలువలేదు. మన దేశంలో పల్స్ పోలియో చుక్కలు మొదలైంది 1995లో. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో కనబడింది. ఇప్పటి తల్లులకు ఆ భయం తెలియకుండా చేసిన దేవునికి స్తోత్రం. కాని ఆ రోజుల్లో పుట్టినవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మా ఊళ్లో మా తమ్ముడున్నాడు.

వాడికి మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న బడ్డీ ఉంది. ఇంటినుంచి ఆరు కిలోమీటర్లు. ఇన్నేళ్లూ చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీదే వెళ్లి వస్తూ వచ్చాడు. నలభై దాటాక కుడి భుజం పట్టేయడం మొదలైంది. కాళ్లు చేయవలసిన పని చేతులతో చేయించావు, అవి మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటాయని డాక్టరుగారు అన్నారు. అప్పుడు తెలిసింది, గేర్లు లేని మామూలు స్కూటరుకు వెనుక అటొకటి ఇటొకటి అదనపు చక్రాలు బిగిస్తే కాలు కింద మోపకుండా నడపవచ్చునని. ఇరుసు, చక్రాలు, మడ్‌గార్డులు, పట్టీలు, బోల్టులు అన్నీ కలిపి ఒక కిట్టుగా చెన్నైలో ఒక చిన్న కార్ఖానావాళ్లు పంపుతారు. ఇక్కడ మెకానిక్కు చేత బిగించుకుని, రవాణా శాఖ ఆఫీసులో చూపించి, ఆర్.సి. పుస్తకంలో ఎక్కించుకోవాలి.

పాత స్కూటరు ఒకటి వాడు తన డబ్బుతోనే కొన్నాడు. కిట్టుకు, రవాణాకు కలిపి 18,100 రూపాయలు కావాలి. స్త్రీల సమాజం కూడికలో దీన్ని ప్రార్థన అంశంగా చెప్పాను, అంతే. తరువాతి ఆదివారం పాస్టరుగారు ప్రత్యేక కానుక ప్రకటించారు. మూడు ఆదివారాల్లో 18,740 రూపాయలు వచ్చాయి. లెక్కపెట్టినదాన్ని నేనే గనుక చెబుతున్నాను, అందులో పది రూపాయల నోట్లే ఎక్కువ. నాట్లకు వెళ్లి వచ్చిన కూలి డబ్బు అది. ఒక మామ్మ తన పింఛనులోంచి రెండు వందలు తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బంతా నా చేతిలో పెట్టి, "టీచరమ్మా, మీరే తెప్పించండి" అన్నారు. ముప్పై రెండేళ్లు బడిలో పనిచేసి రిటైరైనదాన్ని, ఒక పార్సిలు తెప్పించలేనా అనుకున్నాను.

2025 అక్టోబరు 8న చెన్నైలో ఒక పార్సిలు కంపెనీలో బుక్ చేశారు. రెండు పార్సిళ్లు: ఒక చెక్కపెట్టెలో ఇరుసు, మడ్‌గార్డులు, బోల్టుల సంచీ, గోనె చుట్టిన రెండోదానిలో చక్రాలు. ఇంటికి తెచ్చి ఇస్తామని అదనంగా డబ్బు కూడా తీసుకున్నారు. చెన్నై నుంచి తెనాలికి సుమారు 400 కిలోమీటర్లు, లారీకి ఒక రాత్రి ప్రయాణం. నాలుగు రోజుల్లో అందుతుందని చెప్పారు.

నాలుగు రోజులు గడిచాయి, వారం గడిచింది. అక్టోబరు 17న నా ఫోనుకు మెసేజి వచ్చింది, సరుకు అందజేయబడినదని! వాకిట్లోకి వెళ్లి చూశాను. కోళ్లు తప్ప ఏమీ లేవు. కంపెనీ నంబరుకు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ పాట వినిపించి పెట్టేసింది. నాలుగోసారి ఎవరో అమ్మాయి పలికి, "కంప్యూటరులో డెలివరీ అయినట్టు ఉంది మేడమ్" అన్నది. నా వాకిట్లో లేదమ్మా అంటే, మళ్లీ అదే మాట. ఆ అమ్మాయి ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడుతుందో! తెనాలి ఎక్కడుందో ఆమెకు తెలియదు.

చివరికి తెనాలి గోడౌనుకు నేనే వెళ్లాను. ఆ నెలన్నరలో అయిదుసార్లు వెళ్లాను. 2025 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు గనుక ఛార్జీలు మిగిలాయి, ఓపిక మాత్రం మిగల్లేదు. మీ ఊరికి ఇంటి డెలివరీ లేదన్నారు ఒకసారి. మరి డబ్బు ఎందుకు తీసుకున్నారంటే, అది చెన్నైవాళ్లను అడగాలన్నారు. సర్వరు పనిచేయడం లేదన్నారు ఒకసారి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వచ్చింది. దానివల్ల లారీలు ఆగితే ఎవరూ కాదనరు. కాని తుఫానుకు ముందు గడిచిన ఇరవై రోజులకు కూడా తుఫానే కారణమని చెబితే ఏమనుకోవాలి?

మార్కు సువార్తలో పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకువచ్చి పైకప్పు విప్పి దించారు. ఎందుకు సొంతంగా మోశారో నాకు ఆ రోజుల్లో అర్థమైంది.

ఈలోగా ఊళ్లో మాట బయలుదేరింది. కుళాయి దగ్గర ఎవరో, "డబ్బంతా టీచరమ్మ దగ్గరే ఉందట గదా" అన్నారట. ఎవరన్నారో నేను అడగలేదు. అనడంలో తప్పు కూడా లేదు. ఇచ్చినవాళ్లకు అడిగే హక్కుంది. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం గుడిలో వెనక బల్ల మీద కూర్చుని, ప్రార్థన ముగియగానే ఎవరితో మాట్లాడకుండా ఇంటికి వచ్చేశాను.

నవంబరు 6న తెనాలి నుంచి ఫోను వచ్చింది, సరుకు వచ్చింది, వచ్చి తీసుకోండని. వెళ్లి చూస్తే చెక్కపెట్టె ఒక్కటే ఉంది. దాని మూల పగిలి ఉంది. మడ్‌గార్డు ఒకటి వంగిపోయింది. బోల్టుల సంచీ లేదు. చక్రాలు అసలే లేవు. గుమాస్తా కుర్రవాడు కాగితం ముందుకు నెట్టి, "రెండూ ముట్టినట్టు సంతకం చేయండమ్మా, రెండోది వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. చేయనన్నాను. రసీదు వెనకవైపు చూపించి, ఓనర్స్ రిస్క్ అని అచ్చు వేసి ఉంది గదా, మాకు సంబంధం లేదన్నాడు.

అప్పుడు నా నోరు జారింది. "నీ ఇంట్లో ఒక కుంటివాడు పుడితే తెలుస్తుంది నీకు" అన్నాను.

గోడౌనులో హమాలీలు తలలెత్తి చూశారు. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. కాగితం వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికి వచ్చి, నేను ఎంత గట్టిగా మాట్లాడానో మా తమ్ముడికి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను కాబోలు. వాడు చేతిలో ఉన్న ఫోను కింద పెట్టి, "అయితే అక్కా, నాలాంటివాడు పుట్టడమే శాపమన్నమాట" అన్నాడు. ఆ తరువాత ఇంకేమీ మాట్లాడలేదు. వాడిని చంకనెత్తుకుని బడికి తీసుకువెళ్లినదాన్ని నేను. నలభై ఏళ్లలో వాడిని ఎవరైనా ఆ మాట అంటే వాళ్లింటికి వెళ్లి పోట్లాడినదాన్ని నేను. ఆ మాట చివరికి నా నోటినుంచే వచ్చింది. ఆ రాత్రి మోకాళ్ల మీద ఉన్నానేగాని ప్రార్థించడానికి మాట రాలేదు. లేచి, వాడి మంచం దగ్గరకు వెళ్లి క్షమించమని అడిగాను. "పడుకో అక్కా, పొద్దుపోయింది" అన్నాడు.

రెండు రోజుల తరువాత మళ్లీ తెనాలి వెళ్లాను, ఈసారి పార్సిలు కోసం కాదు. లోపలికి వెళ్లేముందు, బయట టీ తాగుతున్న హమాలీ ఒకతను నన్ను గుర్తుపట్టి చెప్పాడు: ఆ కుర్రవాడు కంపెనీ మనిషి కూడా కాదు, ఏజెంటు పెట్టుకున్న జీతగాడు. బుకింగూ డెలివరీ తిట్లూ అన్నీ ఆ ఒక్కడికే. నేను వెళ్లిన రోజు సాయంత్రం తన సొంత ఫోనులో ఊరూరికీ ఫోను చేస్తే, చక్రాల పార్సిలు తునిలో ఉన్నట్టు తేలిందట. గోనె మీద తెనాలి అని ఇంగ్లీషులో రాసిన అక్షరాలు చెరిగిపోయి, ఎవరో దాన్ని తుని అని చదివి కాకినాడ వైపు వెళ్లే లారీలో వేశారట.

లోపలికి వెళ్లి, "బాబూ, మొన్న నేనన్న మాట అనకూడనిది. నన్ను క్షమించండి" అన్నాను. సినిమాలో అయితే అతను కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఇక్కడ అతను తల కూడా సరిగా ఎత్తలేదు. "సరేలెండమ్మా. చక్రాలు తునిలో ఉన్నాయి. వారం పట్టొచ్చు" అన్నాడు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. కాని నేను వెళ్లింది అతని మెప్పు కోసం కాదు గదా.

ఇక ఫిర్యాదు సంగతి. మా సంఘంలో కొందరు, క్షమించానంటున్నారు గదా, ఇక దేవునికి వదిలేయండి, విశ్వాసులకు వ్యాజ్యాలెందుకన్నారు. వారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోలేదు. ఆ కుర్రవాడిని క్షమించమని అడగవలసింది నేను, అడిగాను. కాని విరిగిన సామాను నాది కాదు. అది నాట్లు వేసినవాళ్ల డబ్బు. దాన్ని ఉదారంగా వదిలేయడానికి నాకేం అధికారం ఉంది? లూకా 18వ అధ్యాయంలోని విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వెళ్లినదని ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు.

మా సంఘ పెద్దలలో ఒకరు తెనాలి కోర్టులో వకీలు గుమాస్తా. ఆయన దగ్గర కూర్చుంటే చాలా సంగతులు తెలిశాయి. ఓనర్స్ రిస్క్ అని అచ్చు వేసుకున్నంత మాత్రాన రవాణా కంపెనీ బాధ్యత మొత్తం పోదట. అయితే సరుకు విలువ ఎక్కువైతే బుక్ చేసేటప్పుడే రసీదులో రాయించి, దానికి తగిన రేటు కట్టాలి. లేకపోతే వాళ్లు ఇవ్వవలసింది పరిమితంగానే ఉంటుంది. మావాళ్లు విలువ రాయించారు, అదనపు రేటు కట్టలేదు. పెట్టె తీసుకునేటప్పుడు వాళ్ల కాపీ మీదనే, తేదీ వేసి, ఏది రాలేదో ఏది పగిలిందో మన చేత్తో రాసి సంతకం చేయాలి. పెట్టె తీసుకున్న రోజున నేను అలాగే చేశాను. పగిలిన పెట్టెకు తమ్ముడు తన ఫోనుతో ఫొటోలు తీశాడు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుక్ చేసిన రోజునుంచి 180 రోజుల్లోగా నష్టం సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. లేకపోతే తరువాత కోర్టుకు వెళ్లినా నిలవదట. ఫోనులో ఎంత అరిచినా అది నోటీసు కాదు. నాకు అన్నిటికంటే పనికివచ్చిన మాట ఇదే.

ఒక తెల్లకాగితం మీద, కోపపు మాట ఒక్కటి లేకుండా, ఏ తేదీన ఏమి జరిగిందో రాసి స్పీడు పోస్టులో వాళ్ల పెద్దాఫీసుకు పంపాను. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి నమోదు చేయించాను. ఇంకా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషనులో వకీలు లేకుండా మనమే కేసు వేసుకోవచ్చునని, అయిదు లక్షల వరకు ఫీజు లేదని కూడా ఆయన చెప్పారు. అంతదాకా పోలేదు. చక్రాలు నవంబరు 19న వచ్చాయి, గోనె మీద తుని గోడౌను ముద్రతో సహా. ఇంటి డెలివరీకి తీసుకున్న డబ్బు, వంగిన మడ్‌గార్డు, బోల్టుల ఖరీదు కలిపి 1,150 రూపాయలు డిసెంబరులో నా ఖాతాలో వేశారు. క్షమాపణ అని ఒక్క మాట రాయలేదు.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం నాడు గుడిలో లెక్క చదివాను. వచ్చింది, ఖర్చయింది, తిరిగి వచ్చింది, కొత్త బోల్టులకు, మడ్‌గార్డు సరిచేయించడానికి పెట్టింది, మిగిలింది, రూపాయలతో సహా. అయిదుసార్లు తెనాలి వెళ్లిన సంగతి, అక్కడ నేనన్న మాట కూడా చెప్పాను. చదువుతుంటే చేతులు వణికాయి.

ఆ రోజు తమ్ముడు గుడికి స్కూటరు మీద వచ్చాడు. ఆర్.సి.లో ఎక్కించే పని అప్పటికి కాలేదు గనుక రోడ్డెక్కకుండా మా వీధినుంచి గుడిదాకా మాత్రమే. ఆరాధన అయ్యాక పిల్లలందరూ చుట్టూ చేరారు. "నేను చీరాల దాటలేదుగాని నా చక్రాలు తుని చూసొచ్చాయి" అని వాడు అందరికీ చెప్పుకుంటున్నాడు. పింఛను డబ్బు ఇచ్చిన మామ్మ కర్ర పోటేసుకుని వచ్చి, వంగి, టైరును చేత్తో తట్టి చూసింది.

"ఇందులో నాది ఏదిరా?" అని అడిగింది.

వాడు ఎడమ చక్రం చూపించాడు.