సున్నం ఎవరు వెయ్యాలి?

ఎండలు మొదలైతే చాలు, ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర అందరూ ఏసీ స్టార్ల గురించే మాట్లాడతారు. త్రీ స్టారా, ఫైవ్ స్టారా, ఇన్వర్టరా కాదా అని. నాబోటి అద్దెవాళ్ళుండే పై అంతస్తులో అసలు సమస్య గాలి కాదండీ, స్లాబు. పగలంతా ఎండకి కాగిన కాంక్రీటు రాత్రి పదకొండింటికి కూడా ఆ వేడిని కిందకి వదుల్తూనే ఉంటుంది. ఫ్యానేం చేస్తుంది పాపం? అది గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుంది, అంతే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలికి ఒళ్ళు ఇంకా వేడెక్కుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

మరి కుండ, వట్టివేళ్ళ తడికలు, కిటికీకి తడి దుప్పటి? వీటి మీద నాకు పాతకాలం మోజేమీ లేదు, లెక్క ఉంది. లీటరు నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ళ వేడి కావాలి. అంటే ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండొంతులు. అందులో చాలావరకు ఆ గాలి నుంచే లాక్కుంటాయి. కాకపోతే గాలి పొడిగా ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాదులో భేషుగ్గా పనిచేసే కూలరు వైజాగులో ఉక్కపోత పెంచుతుంది. కూలర్ పెట్టి కిటికీలన్నీ బిగించుకునేవాళ్ళకి ఏ ఊళ్ళోనైనా అదే గతి :)

ఎక్కడైనా పనికొచ్చేది డాబా మీద తెల్లటి పూత. ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. గదిలో 2 నుంచి 5 డిగ్రీలు తగ్గొచ్చని అంచనా. సున్నం ఖర్చు ఏసీ ధరలో ఓ మూలకి రాదు. వానలకి పోతుంది, మళ్ళీ ఏడాది వేసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది.

మరి ఎవరూ ఎందుకు వెయ్యరు? మా ఓనరుగారిని అడిగాను. "ఏసీ పెట్టుకోండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. డాబా ఆయనది, కరెంటు బిల్లు మాది. బగ్గు మనకి, కోడ్ వేరే టీముది. మనకి తెలియని కథా!

మా వాచ్‌మన్ కుటుంబానిది సిమెంటు రేకుల గది. కింది ఫ్లాట్ల ఏసీలు వదిలే వేడంతా ఆ సందులోకే. 2015 ఎండలకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2000 మంది చనిపోయారు. అలాంటి గదిలో ఉండేవాళ్ళకి ఏ స్టారు ఏసీ అన్న ప్రశ్నే లేదు కదా.

మొత్తానికి పై అంతస్తు వాళ్ళం నలుగురం తలా కొంత వేసుకుని సున్నం కొన్నాం. ఓనరుగారు వద్దనలేదు, డబ్బులూ ఇవ్వలేదు. ముందు వాచ్‌మన్ గది రేకుల మీద వేశాం, తర్వాత డాబా మీద ఒక పూత అయ్యింది. రెండో పూత వచ్చే ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందు. బ్రష్షు ఒకటే ఉంది, ఇంకోటి వెతకాలి.