నాగులేటి గట్టున పాములు, కప్పలు

వేపచెట్లు క్రొత్త చిగురు తొడుగు ఫాల్గుణమాసమున ఉదయపు నడకకు బోవువారు పూవులను, పిట్టలను వెదకుదురు. మేము కొన్ని యేండ్లుగా దాచేపల్లి ప్రాంతమున పాములను, కప్పలను వెదకుచున్నాము. “ఆడవారి కిదేమి వేడుక!” అని మా యింటి పెద్దలు నొచ్చుకొనిరి. కాని మిరపకాయలు కోయు చేయియు, ప్రత్తికట్టెల మోపులోనుండి వంటచెఱకు లాగు చేయియు ఆడవారివే గదా! ఆ చేతిక్రింద నేమి యుండునో తెలిసికొనుట వేడుక మాత్రమే కాదు.

దాచేపల్లి నాగులేటి యొడ్డున నున్నది. ఇచ్చటిది నాపరాతి నేల. ఆ రాతిపలకల నెఱియలు పాములకు సిద్ధముగా గట్టిన యిండ్లు. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు విడిచిన పిమ్మట పల్నాటి మెట్టలు కొన్ని మాగాణులైనవి. వరి వచ్చినచోటికి ఎలుక వచ్చును. ఎలుక వెంట పాము వచ్చును.

ఈ ఋతువున తెల్లవాఱుజాము కొంచెము చల్లగా నుండును. ఎండ పొడిచిన పిదప జెఱ్ఱిపోతు గట్టుమీద సాగి వెచ్చదనము గ్రోలుచుండును. దానిని త్రాచని భ్రమించి కొట్టి చంపువారు పెక్కుమంది. జెఱ్ఱిపోతునకు విషము లేదు, పడగ లేదు, అది ఎలుకలను దిని రైతునకు మేలుచేయును. అది త్రాచునకు మగడని చెప్పుదురు గాని రెండును వేఱువేఱు జాతులు. పెనవేసికొని పైకిలేచు జెఱ్ఱిపోతుల జంట తఱచుగా పోరాడుచున్న రెండు మగపాములే.

మనము ముఖ్యముగా గుర్తింపవలసిన విషసర్పములు నాలుగు: త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. చివరిది జానెడు మూరెడు ప్రాణియే యైనను, చుట్టుకొని తన పొలుసులను తానే రాచుకొనుచు ఱంపముకోత వంటి సవ్వడి చేయును. ఆ సవ్వడి విన్న వెంటనే వెనుకకు జరుగవలెను. మన దేశమున తయారగు విరుగుడుమందు ఈ నాలుగింటి విషమునకును ఉద్దేశింపబడినదే.

పాములను గూర్చిన శాస్త్రమునందు మన భాషకును చోటు గలదు. విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాములపై గొప్ప గ్రంథమును వెలువరించి, అందు తెలుగు పేర్లను వ్రాసెను. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడు ‘బంగారస్’ అను పేరు మన ‘బంగారు’ పదమునుండి పుట్టినదే. రక్తపింజరికి ఆ వైద్యుని పేరే పెట్టిరి.

ఇక కప్పలు. ఏటి మడుగులలో చిన్నకప్పలు నీటిపై పరుగులిడును. గరుకు చర్మముగల గోదురుకప్ప మన పెరటి జలదారిలో కుండచాటున గూర్చుండి పురుగులను మ్రింగును. బావురుకప్పలు మాత్ర మిప్పుడు కానరావు. మట్టిలో దాగి తొలివానకై వేచియుండును. వానలు రానపుడు రోకటికి కప్పను గట్టి యింటింట నీళ్లు పోయించుకొనుట మన యాడవారి వేడుక. ఆ కప్పకు నేడు మన చేతనే యాపద కలుగుచున్నది. అది చర్మముతోను ఊపిరి పీల్చును గాన, మిరపకును ప్రత్తికిని చల్లిన మందు నీటగలిసిన దాని కది విషమగును. కప్పకాళ్ల ఎగుమతిని ప్రభుత్వము 1987లో నిషేధించెను గాని, మందు చల్లుటలో మితము పాటింపవలసినది మన కుటుంబములే.

2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది. ఈ మరణములను 2030 నాటికి సగమునకు దింపవలెనని కేంద్రప్రభుత్వము 2024లో ప్రణాళిక ప్రకటించినది. అందు మన పాలు కొంత గలదు. రాతిక్రింద, మోపుక్రింద చేయి పెట్టకుడు. ముందు కఱ్ఱతో కదలింపుడు. చీకటిలో దీపము లేక నడువకుడు. నేలపై పరుండు బిడ్డలకు మంచమును, దోమతెరను అమర్పుడు. కట్లపాము రాత్రివేళ నిద్రించువారిని కఱచును, గాటు కనబడకపోవచ్చును. వేకువను కడుపునొప్పియు, ఱెప్పలు వాలుటయు గలిగిన నుపేక్షింపరాదు.

కాటు పడినచో గాజులు, ఉంగరములు, మెట్టెలు వాపు రాకముందే తీయవలెను. కాటుపడిన యవయవమును కదల్పక, గట్టిగా కట్టక, కోయక, నోటితో పీల్చక, మంత్రములకై కాలము పోగొట్టక ఆసుపత్రికి గొనిపోవలెను.

సోదరీమణులారా! నాగులచవితినాడు పుట్టలో పాలుపోయు మనము, పాము పాలు త్రాగు ప్రాణి గాదని యెఱిగియే భక్తి నిలుపుకొనవచ్చును. ఆ మ్రొక్కుతోపాటు, త్రోవన బోవు జెఱ్ఱిపోతును దాని దారిని బోనిచ్చుటయు, పెరటి కప్పను తఱుమకుండుటయు మన బిడ్డలకు నేర్పుదము.