ధాన్యపు కొట్ల నడుమ మేడ

కాస్టెల్‌ఫ్రాంకో వెనెటోలో రైలు దిగి ఫాన్జోలో ఊరి దారి పట్టాక రెండు పక్కలా చదునైన సాగునేలే. పొలం గట్లు, కాలవలు, చెట్ల వరసలు తిన్నగా సాగిపోతుంటాయి. ఒకప్పుడు రోమన్లు ఈ ప్రాంతాన్ని చతురస్రాలుగా కొలిచి పంచారు. ఆ గీతలు ఇప్పటికీ పొలాల్లో కనిపిస్తాయి. నేను చూడబోతున్న విల్లా ఎమో కూడా ఆ కొలతల వరసలోనే నిలబడింది. మేడ కన్నా ముందు దాని పొలాలు కంటపడటం నాకు సబబుగానే తోచింది. దాన్ని కట్టించింది ఆ పొలాల కోసమే మరి.

వెనిస్ ప్రభువులు తరతరాలుగా సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక మలబారు మిరియాలకు మరో దారి తెరుచుకుంది. తూర్పు సముద్రంలో తుర్కుల బలమూ పెరిగింది. ఓడల మీద ధీమా సడలిన కుటుంబాలు డబ్బును నేల మీద పెట్టసాగాయి. 1556లో వెనిస్ ప్రభుత్వం బీడు భూములను సాగులోకి తెచ్చేందుకు ఒక ప్రత్యేక అధికార మండలినే ఏర్పాటు చేసింది. ఎమో కుటుంబం అప్పటికే ఫాన్జోలోలో భూములు సంపాదించింది. పియావె నది నీటిని తెచ్చే బ్రెంటెల్లా కాలవ నుంచి పొలాలకు నీరు పెట్టుకునే హక్కూ పొందింది. నీరు పారాక పంట పెరిగింది, పంటకు కొట్లు కావలసివచ్చాయి. అలాంటి రోజుల్లో లియొనార్డో ఎమో పిలిచింది ఆండ్రియా పల్లాడియోను. 1508లో పాదువాలో పిండిమర నడిపేవాడి ఇంట పుట్టి, రాతిపని నేర్చుకుని, వాస్తుశిల్పిగా ఎదిగిన మనిషి ఆయన.

గేటు దాటగానే ఎదురుగా మేడ. నాలుగు లావుపాటి స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగం, అందులో ఎమోల వంశచిహ్నం. అంతకు మించి సింగారం లేదు. కిటికీల చుట్టూ చెక్కడపు చట్రాలు కూడా లేవు, ఉత్త గోడలో తెరిచిన కంతలంతే. వెనిస్ కాలవల వెంట నగిషీలు చెక్కిన మేడలు చూసి వచ్చిన కళ్లకు ఈ నిరాడంబరత మొదట కొరతగా అనిపిస్తుంది. కాసేపు నిలబడితే గోడ తెలుపు, స్తంభాల నీడ, ఈ రెండే చాలనిపిస్తాయి.

నన్ను కదలనివ్వనివి మాత్రం పక్క సాలలు. మేడకు ఇరువైపులా పొడుగ్గా, ఎత్తు తక్కువగా, కమానుల వరసతో సాగుతాయి. ఇక్కడివాళ్లు వాటిని బార్కెస్సా అంటారు. ధాన్యపు కొట్లు, ద్రాక్షసారా గదులు, పశువుల కొట్టాలు అన్నీ వాటిలోనే. రెండు చివర్లా పావురాల గూళ్ల బురుజులు. 1570లో అచ్చయిన తన నాలుగు వాస్తు గ్రంథాల్లో పల్లాడియో ఈ ఇంటి గురించి రాస్తూ, ఆ గూళ్లు యజమానికి ఉపయోగమూ చోటుకు అందమూ తెస్తాయన్నాడు. ఇంట్లో ఎక్కడికైనా పైకప్పు కిందే నడిచి వెళ్లవచ్చనీ, పల్లెలోని ఇంటికి అది ముఖ్యమనీ అన్నాడు. నేను ఆ కమానుల కింద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. పడకగది నుంచి పశువుల దాకా ఒకే వరస. ప్రభువు ఇంటికి ఎక్కడైనా కొట్టాలను వెనకపెరట్లో దాస్తారు. ఇక్కడ వాటికి మేడ పక్కనే, మేడతో పాటు ముందు వరసలోనే చోటిచ్చారు. పల్లాడియో గొప్పతనం నాకు స్తంభాల్లో కాదు, ఈ నిర్ణయంలోనే కనిపించింది.

మేడ ముందు మామూలు మెట్ల వరస కాకుండా వెడల్పాటి పొడవైన వాలుబాట ఉంది. గుర్రం మీద నేరుగా పైకి రావడానికని కొందరు, పంట నూర్చే కళ్లంగా వాడుకున్నారని కొందరు అంటారు. నా మనసు కళ్లం వైపే మొగ్గింది.

లోపలి గోడల నిండా జాంబత్తిస్తా జెలోట్టి వేసిన చిత్రాలు. కూతురి మానం కోసం ఆమెనే బలి ఇచ్చిన వర్జీనియస్, చేజిక్కిన బందీ యువతిని ఆమె వరుడికే అప్పగించిన స్కిపియో వంటి రోమన్ కథలు నడిమి హాలులో ఉన్నాయి. పంటల దేవత సెరీస్‌కూ ఈ ఇంటి చిత్రాల్లో చోటుంది. బొమ్మల కన్నా ఆ గదుల్లో ఉండే నెమ్మది నన్ను పట్టుకుంది. పల్లాడియో పుస్తకంలోని కొలతల ప్రకారం నడిమి హాలు 27 అడుగుల చదరం, పక్క గదులు 16కు 27, మూల గదులు 16 అడుగుల చదరం. అడుగంటే ఆనాటి విచెంజా అడుగు, మన అడుగు కన్నా కాస్త పెద్దది. రుడాల్ఫ్ విట్కోవర్ అనే చరిత్రకారుడు 1949లో ఈ అంకెలను సంగీత స్వరాల నిష్పత్తులతో ముడిపెట్టాడు. ఆ లెక్క తెలియకపోయినా, ఒక గదిలోంచి మరో గదిలోకి అడుగుపెడితే పొందిక ఒంటికే తెలుస్తుంది.

వెనిస్ చుట్టుపక్కల ఉన్న ఈ వెనెటో ప్రాంతంలో మొక్కజొన్న వేసిన తొలి కుటుంబాల్లో ఎమోలను చెబుతారు. ఆ గింజ కొట్లను నింపింది. కూలి రైతు పళ్లెంలోకి మాత్రం మొక్కజొన్న సంకటి తప్ప మరొకటి రాలేదు. 18, 19 శతాబ్దాల్లో వెనెటో పల్లెల్లో పెల్లాగ్రా జబ్బు ప్రబలింది. చర్మం పగిలి, మతి చెదిరి మనుషులు చనిపోయారు. నయాసిన్ అనే విటమిన్ లోపం అది. 1960 ప్రాంతంలో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో, అంటే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో, డాక్టర్ సి. గోపాలన్ బృందం అదే జబ్బును జొన్న తిని బతికే దక్కన్ పేదల్లో గుర్తించి అధ్యయనం చేసింది. ఈ కమానుల అందాన్ని మెచ్చుకునేవాళ్లు, ఆ కొట్లు నింపినవాళ్ల ఆకలినీ తలుచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. అందం వల్ల అన్యాయం చెరిగిపోదు. అన్యాయం జరిగిందని ఆ అందం అబద్ధమూ కాదు.

2004 వరకు ఈ ఇల్లు ఎమో వంశం చేతిలోనే ఉంది. ఆ తరవాత స్థానిక సహకార బ్యాంకు కొన్నది. 1996లోనే యునెస్కో, పల్లాడియో కట్టిన ఇతర విల్లాలతో పాటు దీన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెనిస్ వెళ్లే మనవాళ్లు సాన్ మార్కో చౌకు, గొండోలాలు చూసి తిరిగి వచ్చేస్తారు. ఒక్క పూట ఫాన్జోలోకు కేటాయించండి. తెరిచే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. లోపలి బొమ్మలకు తొందరపడకండి, ముందు పక్క సాలలు చూడండి.