ఇంగితజ్ఞానం

"ఇంగితం లేదా?" అని ఎవరినైనా మందలించేటప్పుడు, బుద్ధి లేదా అనే అర్థంలోనే ఆ మాటను వాడుతున్నాము. దాని అసలు అర్థం వేరు. ఇంగితమంటే చేష్ట, లోపలి భావాన్ని బయటపెట్టే కదలిక. నోటితో చెప్పకపోయినా చూపును బట్టి, నడకను బట్టి ఎదుటివారి మనసును గ్రహించగలవాడు ఇంగితజ్ఞుడు. రాజుల కొలువులో దూతకూ మంత్రికీ ఈ గుణం ఉండి తీరాలని పెద్దలు చెప్పారు. ముప్పై ఏండ్లకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ మాటకు తరగతి గదిలో ఎన్నో మార్లు అర్థం చెప్పాను. దాని అవసరం మాత్రం, ఇంట్లో ఒక కుక్కనూ ఒక పిల్లినీ సాకవలసి వచ్చిన తరువాతనే బాగా తెలిసివచ్చింది.

మా అబ్బాయి 2017లో విదేశానికి వెళుతూ, రెండేండ్ల లాబ్రడార్ కుక్కను మా దంపతుల చేతిలో పెట్టి వెళ్ళాడు. వాడు పెట్టిన పేరు బ్రూనో. మా ఇంటికి వచ్చాక అది భైరవుడయింది. పిల్లిని మాత్రం ఎవరూ ఇవ్వలేదు, మేమూ తెచ్చుకోలేదు. ఒక వానాకాలం సాయంత్రం వంటింటి కిటికీలోనుంచి తానే వచ్చి చేరింది. మా శ్రీమతి దానికి పండు అని పేరు పెట్టింది. ఈ ఇద్దరి వలన నేను నేర్చుకున్నదీ, మా పశువైద్యులు ఓపికగా విడమరచి చెప్పినదీ కలిపి, ఇంట మూగజీవాలున్న చదువరులకు పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను. వైద్యం వైద్యులే చేయాలి. వారి దగ్గరకు ఎప్పుడు పరుగెత్తాలో తెలుసుకోవడమే మన పని.

కుక్కా పిల్లీ కూడా తమ బాధను దాచుకుంటాయి. అడవిలో బ్రతికిన నాటి నుంచి వచ్చిన అలవాటది. నీరసం బయటపడిన జంతువు శత్రువుకు ఎర. పిల్లి ఈ విద్యలో మరీ ఆరితేరినది. నొప్పి పుడితే అరుస్తుందిలే అని మనం కూర్చుంటే, అది అరిచేనాటికి జబ్బు ముదిరి ఉంటుంది. కనుక అరుపు కోసం చూడకుండా అలవాటు ఎక్కడ తప్పిందో చూడాలి. రోజూ గేటు చప్పుడుకు లేచేది లేవలేదా? గిన్నెలో అన్నం మిగిలిందా? ఎప్పుడూ బీరువా మీద పడుకునే పిల్లి మంచం కిందకు చేరిందా? ఇవే వాటి మాటలు.

అలవాటు తప్పిందని తెలియాలంటే ముందు అలవాటేమిటో తెలియాలి. మన ఒంటి మామూలు వేడి దాదాపు 98.4 డిగ్రీలు. కుక్కకు 101 నుంచి 102.5 వరకు ఆరోగ్యమే, పిల్లికీ దాదాపు అంతే. 103 దాటితే జ్వరమని అనుమానించాలి. ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, పొడిగా ఉంటే జ్వరం అని మన వీధుల్లో అందరూ చెబుతారు గాని అది నమ్మదగినది కాదు. హాయిగా నిద్రలేచిన కుక్క ముక్కు కూడా పొడిగా ఉండవచ్చు. జ్వరమానిని మలద్వారంలో ఉంచి చూడడమొక్కటే సరైన పద్ధతి. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్పై లోపు ఉండాలి. ఇక చిగుళ్ళు. ఆరోగ్యంగా ఉంటే గులాబిరంగులో ఉంటాయి. వ్రేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకండ్లలోపు మళ్ళీ రంగు రావాలి. పాలిపోతే రక్తం తగ్గినట్లు, పసుపుపచ్చగా ఉంటే కామెర్లు, నీలంగా మారితే ఊపిరి అందడం లేదని గుర్తు. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే నల్లని చిగుళ్ళుంటాయి. వాటికి కంటిరెప్పను కిందకు లాగి లోపలి రంగు చూడవచ్చు.

2019 శ్రావణమాసంలో భైరవుడు ఒక పూట అన్నం సగం వదిలాడు. మరునాడు మూడు మెట్లు ఎక్కడానికి మధ్యలో ఆగాడు. చూస్తే 104 డిగ్రీల జ్వరం. మూడవనాడు తెల్లవారుజామున ముక్కునుండి రక్తపు చుక్కలు పడ్డాయి. వెంటనే తీసుకువెళ్ళాము. డాక్టరుగారు చెవి లోపలి మడతలో వ్రేలు పెట్టి, పెసరగింజంత పిడుదు నొకదానిని తీసి చూపించారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డెంగీ పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు మనందరికీ పరిచితమే. పిడుదు కాటు ద్వారా ఎర్లిఖియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరి తెచ్చే జ్వరమిది. డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు వాడమన్నారు. నాలుగు రోజులకే వాడు లేచి తిరిగినా, చెప్పినన్ని రోజులూ మాత్రలు ఆపలేదు. పైకి తగ్గినట్లుండి ఈ జబ్బు లోలోపల నిలిచిపోవచ్చునట.

పిడుదులను పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెల్లగా నిలువుగా లాగాలి. వ్రేళ్ళతో చిదపరాదు, కిరసనాయిలు పోయరాదు. చెవుల లోపల, కాలివ్రేళ్ళ నడుమ, తోక మొదట్లో వెదకాలి. ఇక్కడ పిల్లిని పెంచేవారికి ఒక హెచ్చరిక. కుక్కల పిడుదులకు వేసే మందులలో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లికి విషం. ఒకే ఇంట్లో రెండూ ఉంటే మందు వేసిన కుక్కను కూడా కొంతకాలం పిల్లికి ఎడంగా ఉంచాలి.

ఇంటికి తెచ్చిన కుక్కపిల్లలను ఎక్కువగా బలిగొనేది పార్వో. 1978 ప్రాంతంలో తొలిసారి బయటపడిన ఈ వైరస్ కొద్దికాలంలోనే ప్రపంచమంతా వ్యాపించింది. వాంతులు, ఆపై భరించరాని దుర్గంధంతో నెత్తురు విరేచనాలు, ఒంట్లో నీరంతా పోయి సోలిపోవడం దీని లక్షణాలు. మెడమీది చర్మాన్ని పైకి లాగి వదిలినప్పుడు వెంటనే సర్దుకోక ముడతగా నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గినట్లే. అప్పుడు మజ్జిగ తేటలతో కాలయాపన చేయక సెలైను పెట్టించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకటి చొప్పున మిగిలినవి వేయించాలి. అవి పూర్తయ్యేవరకు కూనను వీధిలో నేలపై తిప్పరాదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది.

పండు సంగతికి వస్తాను. 2021లో ఒకనాడు వాడు మాటిమాటికీ ఇసుకపెట్టెలోకి వెళ్ళి, వంగి కూర్చుని, ముక్కి, బయటకు వచ్చి క్రింది భాగం నాకుకుంటున్నాడు. చూసిన పొరుగువారు "మాస్టారూ, మలబద్ధకమండీ, కాస్త ఆముదం పట్టండి" అన్నారు. మా శ్రీమతి మారు మాట్లాడక ఇసుకలో చేయి పెట్టి చూసి, "ఏమండీ, ప్రొద్దుటినుంచి చుక్క తడి లేదు. వీడికి ఆగిపోయింది మలం కాదు, మూత్రం" అంది. గంటన్నరలో విజయవాడలో ఉన్నాము. మగపిల్లికి మూత్రనాళం అతి సన్నం. సన్నని రేణువులో, జిగట పదార్థమో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజులలో రక్తం విషమయమై ప్రాణం పోతుంది. మత్తు ఇచ్చి గొట్టం వేసి తీశారు. తెల్లవారేదాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరుగారు అన్నారు. ఆ పూట ఇంగితజ్ఞానమన్న మాటకు నేను చెప్పిన అర్థాలన్నిటికంటె ఆవిడ ఇసుకలో పెట్టిన చేయి గొప్పది.

పిల్లి విషయంలో ఇంకా మూడు సంగతులు మరువరాదు. నోరు తెరచి కుక్కలా రొప్పే పిల్లిని వెంటనే వైద్యునికి చూపాలి. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది. కనుక "ఆకలైతే అదే తింటుంది" అనే మాట పిల్లికి చెల్లదు. మూడవది చెప్పడానికి మనసు రాదు గాని చెప్పాలి. మా వీధిలో ఒక ఇల్లాలు, పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉన్నదని, పసిపిల్లకు ఇచ్చినట్లే అర పారాసెటమాల్ మాత్రను పాలలో కలిపి పట్టింది. సాయంత్రానికి దాని ముఖమూ పాదాలూ వాచాయి, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. మరునాటికి అది లేదు. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. విరుగుడు మందు ఉన్నది గాని అది గంటలలోనే పడాలి. ఆమె ప్రేమలో కొరత ఏమీ లేదు. ఈ ఒక్క ముక్క ఆమెకు ఎవరూ చెప్పి ఉండలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అదే ముఖ్య కారణం. కుక్కకు కూడా మన ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లనూ మూత్రపిండాల చేటునూ తెస్తాయి. మన మందులపెట్టె మనకే.

మన వంటిల్లు కూడా వాటికి పూర్తిగా క్షేమం కాదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. చాక్లెట్ గుండెకు చేటు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయని చాలాకాలంగా తెలిసినా కారణం తెలియలేదు. ఈ మధ్యనే అమెరికా పశువైద్యులు కొందరు అందులోని టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చునని ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కలకు కూడా అదే విధంగా మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని 2022లో ప్రకటించారు. చింతపండులో ఆ ఆమ్లం మెండు. పులిహోర, పులుసు అన్నం కుక్కకు పెట్టే మన ఇండ్లలో ఇది గుర్తుంచుకోదగిన మాట. మా ఇంట ఆ అలవాటు మాన్పించాము.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. కుక్కకు పాదాలలో తప్ప ఒంటికి చెమట పట్టదు. రొప్పి మాత్రమే వేడిని వదులుకుంటుంది. కోస్తాలోని ఉక్కలో ఆ రొప్పు కూడా చాలదు. చట్టిముక్కు పగ్ జాతికి మరీ కష్టం. తూలుతూ, నురగ కక్కుతూ, చిగుళ్ళు ఎర్రబడి కనిపిస్తే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీటితో తడిపి, ఫ్యాను పెట్టి, ఆపై వైద్యుని దగ్గరకు బయలుదేరాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటకు పోదు.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అని సామెత ఉంది గాని, కుక్కకాటుకు కావలసినది సబ్బునీరు. కరచినా గీరినా ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా జంతువైనా దాదాపు దక్కడం లేదు. లూయీ పాశ్చర్ 1885లోనే టీకా చూపించాడు. ఇంటి కుక్కకూ పిల్లికీ మూడు నెలల వయసులో వేయించి, ఆపై డాక్టరు చెప్పిన గడువు ప్రకారం తప్పక వేయిస్తూ ఉంటే ఇంటిల్లిపాదికీ రక్ష.

బడిలో హాజరుపట్టీ వ్రాసిన చేయి ఊరుకోదు. భైరవుడు వచ్చిన నాటినుంచి నూరు పుటల నోటుపుస్తకంలో వాడి తిండి, నీరు, విరేచనం, నెలకొకసారి బరువు వ్రాస్తూ వచ్చాను. చూసినవారు నవ్వారు. నిరుడు ఆ పట్టీలోనే ఒక మార్పు కనిపించింది. ముప్పై కిలోల వాడు రోజుకు లీటరున్నర నీరు త్రాగేవాడు, నెల తిరిగేసరికి మూడు లీటర్లు దాటించాడు. రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తున్నాడని, నీళ్ళు తగ్గించమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ పని ఎన్నడూ చేయరాదు. దాహం పెరగడమే ఒక లక్షణం. మూత్రపిండాలు చెడినా, మధుమేహం వచ్చినా దాహం ఇలాగే పెరుగుతుంది. ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్ళిన ఒకటి రెండు నెలలలో ఇలా త్రాగుతూ, తిండి మానితే గర్భాశయంలో చీము పట్టిందేమో చూడాలి. దానికి శస్త్రచికిత్సే శరణ్యం.

పుస్తకం చూసి డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. భైరవుడి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రక్తంలో క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి మూడు వంతుల పని అప్పటికే పోయి ఉంటుందని చెప్పారు. పోయినది తిరిగి రాదు. మిగిలినది ఎక్కువకాలం నిలిచేటట్లు చూడడమే మా చేతిలో ఉన్నది. భాస్వరం తక్కువగా ఉన్న ఆహారం, ఎప్పుడూ నిండుగా నీళ్ళగిన్నె, మూడు నెలలకొక పరీక్ష, ఇదీ ఇప్పటి క్రమం. వాడి వయసు లాబ్రడార్ లెక్కలో వార్ధక్యమే. ఎంతకాలమో మాకు తెలుసు అన్నట్లూ తెలియదన్నట్లూ ఉంటాము. సాయంత్రం గేటు చప్పుడుకు ఇప్పటికీ లేస్తున్నాడు. అది కూడా పట్టీలో వ్రాస్తున్నాను.

మీ ఇంట కుక్కో పిల్లో ఉంటే ఈ రాత్రి ఒక చిన్న పని చేయండి. అది గాఢనిద్రలో ఉన్నప్పుడు గడియారం పట్టుకుని ఒక్క నిమిషం దాని డొక్క ఎన్నిసార్లు ఎగసిపడిందో లెక్కించి ఒక కాగితం మీద వ్రాసిపెట్టుకోండి. చిగుళ్ళ రంగు, బరువు, త్రాగే నీరు కూడా వ్రాయండి. జబ్బు చేసిననాడు పోల్చిచూడడానికి ఆరోగ్యంగా ఉన్ననాటి లెక్క కావాలి. డాక్టరు అడిగే ప్రశ్నలకు అది జవాబు చెప్పలేదు, దాని తరఫున మనమే చెప్పాలి.