గులాబీ మడి

జెరాల్డ్‌టన్, నవంబరు 14

నాన్నా,

పెర్త్ నుంచి 420 కిలోమీటర్లు అన్నయ్య ఒక్కడే నడిపాడు. నన్ను స్టీరింగు ముట్టనివ్వలేదు. దారిలో గ్రీనవ్ అనే చోట ఒక చెట్టును చూసి కారు ఆపించాను. ఉప్పు మోసుకొచ్చే గాలికి కొమ్మలు ఒకవైపు మాడిపోయి, మాను మొత్తం నేలకు ఒరిగి పెరిగింది. పడిపోయిందనుకున్నాను. కాదు, నిండా ఆకులున్నాయి. రేపు గులాబీ రంగు చెరువు దగ్గరికి.

పోర్ట్ గ్రెగరీ, నవంబరు 15

నాన్నా,

హట్ లగూన్ చూశాను. బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలో పాలు కలిపితే వచ్చే రంగు. పొద్దున పదింటికి అలా ఉంది, మబ్బు పట్టగానే వెలిసిపోయింది. అంచున అడుగు పెడితే ఉప్పు పెళుసుగా విరిగింది. వాసన అచ్చం నౌపడలో మన ఉప్పు మడిదే.

ఇసుక దిబ్బకు అవతల సముద్రం. ఆ నీరు ఇసుకలోంచి ఊరి ఇటు చేరి, ఎండకు ముదురుతుంది. సముద్రంలో ఉప్పు 3.5 శాతమే, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు. చేప బతకదు. డ్యునాలియెల్లా సలీనా అనే ఒంటికణపు నాచు మాత్రం రెండు తోకలతో ఈదుతూ బతుకుతుంది. పరిమాణం మిల్లీమీటరులో నూరోవంతు. దాని ఒంటికి గట్టి గోడైనా లేదు. ఊరగాయ జాడీలో మామిడి ముక్క నీరు వదిలేసినట్టు అదీ వదిలేయాలి కదా? వదలకుండా లోపల గ్లిసరాల్ తయారుచేసుకుంటుంది. బయట ఉప్పు పెరిగినకొద్దీ లోపల గ్లిసరాలూ పెరుగుతుంది.

అసలు విచిత్రం రంగుది. హాయిగా ఉన్నప్పుడు ఈ నాచు పచ్చనిదే! ఉప్పు ముదిరి, ఎండ మండి, నత్రజని అందకపోతే పెరగడం తగ్గిస్తుంది. ఎండ మాత్రం తగ్గదు. వాడుకోలేని వెలుగు కణాన్ని పాడుచేస్తుంది. అందుకని బీటా కెరోటిన్‌ను నూనె బొట్లలో నింపి తన పచ్చదనానికి తెర కట్టుకుంటుంది. ఎండు బరువులో 10 శాతం దాకా అదే ఉండొచ్చు, క్యారెట్ ఏపాటి! చెరువు ఎరుపులో ఉప్పునే కోరి బతికే వేరే సూక్ష్మజీవుల వాటా కూడా ఉందిలే.

పక్కనే ఒక కంపెనీ నాచు పెంచే చెరువులు, సుమారు 250 హెక్టార్లు. వాళ్ల అవస్థ తలుచుకుంటే నవ్వొచ్చింది. బాగా మేపితే నాచు పెరుగుతుంది, రంగెక్కదు. మాడిస్తే రంగెక్కుతుంది, పంట తగ్గుతుంది. చావనివ్వకూడదు, సుఖపడనివ్వకూడదు. నీటిని బాగా ముదరనిస్తే నాచును మేసే పురుగులు బతకవు, అదొక్కటే కలిసొచ్చేది. తీసిన రంగు తినుబండారాల్లోకీ విటమిన్ మాత్రల్లోకీ పోతుంది. అమ్మ మింగే మాత్రల డబ్బా వెనక ఏం రాసుందో చదివి చూడు.

పెర్త్, నవంబరు 18

నాన్నా,

ఈ నాచును శాస్త్రజ్ఞులు మొదట గమనించింది సముద్రంలో కాదు, ఉప్పు మడిలోనే. 1838లో ఫ్రాన్స్‌లోని మోంపెలియే దగ్గర మడులు ఎర్రబడితే, డ్యునాల్ అనే ఆయన ఆ నీటిలో దీన్ని పట్టుకున్నాడు. 1905లో రొమేనియాకు చెందిన తియొడొరెస్కో ఆయన పేరే దీనికి పెట్టాడు.

"నీరు ఎర్రబడిందంటే ఉప్పు దగ్గరపడింది" అనేవాడివి. నేనేమో మట్టి రంగనుకునేదాన్ని. ఎర్రనీరు ఎండను ఎక్కువ పట్టి తొందరగా ఆవిరవుతుందట కూడా. నీ మాటే నిజం. మన మడిలోదీ దీని చుట్టమే అయ్యుంటుంది.

వచ్చే ఎండాకాలం మడి ఎర్రబడిన రోజు తారీఖు గోడ మీద రాసిపెట్టు. గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి ఉంచు, జూన్‌లో వచ్చి చూస్తాను. సీసా నీడలో పెట్టు, మూత గట్టిగా బిగించకు.