పువ్వూ నవ్వూ కలిసిన పేరు

ఆడపిల్ల పుడితే పువ్వు పేరు పెట్టుకోవడం మనకే సొంతమైన ముచ్చటేం కాదు. మనకు మల్లిక, మందార, పారిజాత ఉన్నట్టే, కాస్పియన్ సముద్రం ఒడ్డునున్న అజర్‌బైజాన్‌లో లాలా, నర్గిజ్, యాసమన్ ఉన్నారు. ఆ పూలబుట్టలో నా మనసు దోచిన పేరు గుల్నారా.

'గుల్' అంటే పువ్వు, 'నార్' అంటే దానిమ్మ. వెరసి దానిమ్మ పువ్వు. రెండూ పర్షియన్ నుంచి వెళ్లిన మాటలే. ఇదే పేరు అరబ్బుల నోట జుల్నార్‌గా మారి, వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లో సముద్రంలో పుట్టిన సుందరి పేరైంది.

మనకూ ఈ మాటలు కొత్తవి కావు. గుల్, ఆబ్ కలిస్తే గులాబ్. అంటే పువ్వు నీరు, మన పన్నీరు. ఆ మాటే మన పెరట్లో గులాబీ అయింది. అక్కినేని, అంజలీదేవి నటించిన 1955 నాటి 'అనార్కలి' గుర్తుంది కదా? అనార్కలి అంటే దానిమ్మ మొగ్గ. ఆ మొగ్గ విచ్చుకుంటే గుల్నారా!

అజర్‌బైజానీ భాష టర్కీ భాషకు దగ్గర చుట్టం. అందులో 'గుల్' అంటే 'నవ్వు' అని చెప్పడం కూడా. మనకు పువ్వూ నవ్వూ ప్రాసలో కలిస్తే, వాళ్లకు ఒకే మాటలో కలిసిపోయాయి.

ఇన్ని పూలుండగా దానిమ్మ పువ్వే ఎందుకు? అక్కడ దానిమ్మ ఇంటింటి పండు. గోయ్‌చాయ్ ప్రాంతంలో ఏటా శరదృతువులో దానిమ్మ పండగ చేస్తారు. 2020లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దానిమ్మ పండు నెత్తిన చిన్న కిరీటం ఉంటుంది, చూశారా? అది పువ్వు ఇచ్చిందే. ఎర్రటి రేకలు రాలిపోయినా, వాటి కిందున్న మందపాటి తొడుగు పండుతోపాటే ఉండిపోతుంది.

ఆ పేరూ అలాగే నిలిచింది. అజర్‌బైజాన్‌లో 1929లో అరబిక్ లిపి తీసేసి లాటిన్ తెచ్చారు. పదేళ్లు తిరిగాయో లేదో సోవియట్ పాలకులు రష్యన్ లిపి పెట్టారు. 1991లో స్వాతంత్య్రం వచ్చాక మళ్లీ లాటిన్. 1920లో పుట్టిన ఓ గుల్నారా నిండు నూరేళ్లు బతికి ఉంటే, తన పేరును మూడు లిపుల్లో చూసుకుని ఉంటుంది. ఇంటిపేర్లకు 'ఒవా', 'యెవా' తోకలూ వచ్చాయి. అమ్మ పిలిచే పిలుపు మాత్రం మారలేదు.

మన లిపిని ఎవరూ మార్చలేదు. పేర్లనే మనం మార్చేసుకుంటున్నాం. మా అమ్మమ్మ పేరు పూలమ్మ. మా వంశంలో ఆ పేరు ఆవిడతోనే ఆగిపోయింది. నక్షత్రానికి తగ్గ అక్షరం, సంఖ్యాశాస్త్రానికి సరిపడే స్పెల్లింగ్ వెతుకుతున్నాం గానీ, 'అమ్మా, నా పేరుకు అర్థమేంటి?' అని రేపు పిల్ల అడిగితే ఏం చెబుతామో ఆలోచించడం లేదు. గుల్నారా అడిగితే వాళ్లమ్మ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి పువ్వును చూపిస్తుంది. మన పిల్లలకూ అలా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!